బయటి గడియ

పోయిన వారం మీరు నన్ను ఆ ఇంటి గుమ్మంలో నిలబెట్టి మీ పనుల మీద మీరు వెళ్ళిపోయారు. నేనింకా అక్కడే ఉన్నాను. ఒక చేత్తో మా అత్తయ్య చెయ్యి, రెండో చేత్తో చేతిసంచీ పట్టుకుని, “ఇల్లు దొరికేసింది, ఇక వెతుకులాట లేదు” అని మా ఆయన అంత గట్టిగా ఎందుకన్నాడా అని ఆలోచిస్తూ నిలబడి ఉన్నాను. మామూలుగా ‘అన్నారు’ అనే రాస్తాను. ఈ వారం ఆ మర్యాద నా వల్ల కాదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. నేను దర్జీని. మా ఇంటి ముందుగదే నా దుకాణం. ఆ ఇల్లు మా అత్తయ్య ఉద్యోగం చేసి సొంతంగా కట్టుకున్నది. ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరయింది. వీధి వీధంతా ఇప్పటికీ వార్డెనమ్మ అనే పిలుస్తుంది. ఈమధ్య ఆవిడకి మతిమరుపు వచ్చింది. తలుపు తెరిచి ఉంటే చాలు, “పిల్లలింకా రాలేదు, చూసొస్తాను” అంటూ బయటికి వెళ్ళిపోతుంది. అందుకని ఇల్లు మారదామన్నాడు మా ఆయన. కాస్త విశాలంగా, సందడి లేని చోట అయితే అమ్మకి మంచిదన్నాడు. నేనూ సరేనన్నాను. కుట్టుమిషను పక్కన మంచి కిటికీ ఒకటి ఉంటే నాకు చాలనుకున్నాను. అంత అమాయకత్వం నాకెక్కణ్ణుంచి వచ్చిందో!

ఇళ్ళు చూడటం మొదలుపెట్టాక నాకు మా ఆయన గురించి పెళ్ళయిన ఇన్నేళ్ళలో తెలియనివి చాలా తెలిశాయి. ఏ ఇంటికి వెళ్ళినా ముందు గోడని వేళ్ళ కణుపులతో కొడతాడు. డాక్టరు వీపు మీద కొట్టినట్టు టకటకా కొట్టి, చెవి పెట్టి విని, తల పంకిస్తాడు. ఏం వినిపిస్తుందో ఆ గోడకే తెలియాలి. తర్వాత మేడెక్కి వాటర్ ట్యాంకు మూత తీసి లోపలికి తొంగి చూస్తాడు. మాకు కారు లేదు. అయినా కారు ఎక్కడ పెట్టాలో అడుగులతో కొలుస్తాడు. చివరికి “రేపు అమ్ముకుంటే ఎంతొస్తుంది?” అని అడుగుతాడు. ఇంకా కొననే లేదు మహానుభావా, అప్పుడే అమ్మకమా!

నేను తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడతాను. అక్కణ్ణుంచి వీధి తలుపు కనబడాలి, లేకపోతే అత్తయ్య ఎటు వెళ్తోందో నాకు తెలియదు. స్నానాలగది గడియ వేసి తీసి చూస్తాను. ఎదురింటివాళ్ళ కిటికీ మన పడగ్గదిలోకి చూస్తోందా, తడిబట్టలు ఎక్కడ ఆరేయాలి, మధ్యాహ్నం వెలుతురు ఎటు నుంచి వస్తుంది, ఒళ్ళు మండినప్పుడు ఒక్కదాన్నే పోయి కూర్చోవడానికి ఓ మూలైనా ఉందా, ఇవన్నీ చూస్తాను. మా ఆయన లెక్కలో ఇవన్నీ ‘చిన్న చిన్న విషయాలు’. సరే, చిన్నవే. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నేను బతికేది వాటిలోనే. ఆ వాటర్ ట్యాంకులో ఎవరు బతుకుతారు?

మా ఇద్దరికన్నా ఈ తేడా బాగా తెలిసినవాడు మా బ్రోకరు. నడుముకి తాళాల గుత్తి గలగలలాడించుకుంటూ తిరుగుతాడు కాబట్టి అతన్ని మేం తాళాలాయన అంటాం. అతనిదొక పద్ధతి ఉంది. ఇల్లు చూడ్డానికొచ్చిన మొగుడూ పెళ్ళాల్ని ఒకే గదిలో కలిసి నిలబడనివ్వడు. గుమ్మం దాటగానే “సార్, మీరు పైకి రండి. మేడమ్, మీరు వంటిల్లు చూసుకోండి” అని విడగొట్టేస్తాడు. కలిసి చూస్తే ఒకరి కంట్లో పడ్డ లోపం రెండోవాళ్ళకి చెప్పేస్తారట. విడివిడిగా చూపిస్తే ఎవరికి కావాల్సింది వాళ్ళకి చూపించి పని కానిచ్చేయొచ్చట. ఈ కిటుకు ఓరోజు టీ తాగుతూ మా ఆయనకి చెప్పాడు. మా ఆయన అదేదో గొప్ప విషయంలా ఇంటికొచ్చి నాకు చెప్పాడు.

ఆ ఆదివారమూ అంతే. గుమ్మం దాటామో లేదో మా ఆయన మేడమీదికి, నేనూ అత్తయ్యా వంటింట్లోకి. వెళ్ళబోతూ తాళాలాయన మెట్ల మీద ఆగి, “వంటింటి వెనకాల ఓ చిన్న స్టోర్ రూముంది మేడమ్. దుమ్ము దుమ్ముగా ఉంది, దాన్ని వదిలేయండి” అన్నాడు.

ఇల్లు చూడ్డానికొచ్చిన ఆడదానితో ఒక గది వదిలేయమన్నాడు! అంత అనుభవమున్న మనిషికి ఆ మాత్రం తెలియదా?

నిజం చెప్పొద్దూ, వంటిల్లు నాకు నచ్చింది. పెద్ద కిటికీ. దాని పక్కన కుట్టుమిషను పడుతుందేమోనని సంచీలోంచి టేపు తీసి కొలిచాను కూడా. సరిగ్గా సరిపోయింది. లోపల్లోపల సంతోషపడ్డాను. అత్తయ్యని కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, ఆ వెనకగది వైపు వెళ్ళాను.

తలుపు దగ్గరే ఆగిపోయాను.

తలుపుకి బయట గడియ ఉంది. ఒకటి కాదు. నా భుజం ఎత్తులో ఒకటి, చెయ్యి బాగా పైకి చాపితే గానీ అందనంత ఎత్తులో ఇంకొకటి. రెండూ లావుపాటివి, కొత్తవి. స్టోర్ రూములో సామాన్లు బయటికి నడిచి వెళ్ళిపోతాయా ఏమిటి, ఇంత కాపలా దేనికి అనుకుంటూ తలుపు తోశాను.

దుమ్మూ లేదు, ధూళీ లేదు. శుభ్రంగా ఊడ్చి ఉంది. మూల ఒక మంచం. దాని పక్కనే స్నానాలగది. పైన ఎక్కడో ఊచలున్న చిన్న కిటికీ. ఆ కిటికీలోంచి ఆకాశం తప్ప ఏమీ కనబడదు. తలుపు మూసి లోపలివైపు చూశాను. ఒకప్పుడు గడియ ఉండేదని తెలుస్తూనే ఉంది. దాన్ని ఊడబీకి, మేకుల కన్నాలు పూడ్చి, పైన రంగు వేశారు. ఆ రంగు మిగతా అంతా బాగానే ఉంది. గడియ ఉండిన చోటికి కాస్త కిందగా మాత్రం అరచెయ్యంత మేర చెరిగిపోయి చెక్క కనిపిస్తోంది.

ఆ చోట నా అరచెయ్యి పెట్టి చూశాను. కాస్త కూడా తేడా లేకుండా సరిపోయింది.

“తాళాలాయనా!” అని అరిచాను. మామూలుగా అతన్ని మొహాన అలా పిలవం. అతను గబగబా మెట్లు దిగొచ్చాడు. నేను ఎక్కడ నిలబడి ఉన్నానో చూసి అతని మొహం పాలిపోయింది.

“ఈ గదిలో ఎవరుండేవారు?”

“స్టోర్ రూము మేడమ్ అది...”

“స్టోర్ రూముకి స్నానాలగదెందుకయ్యా? బియ్యం బస్తా స్నానం చేస్తుందా?”

నీళ్ళు నమిలాడు. “ఓనరు గారి అత్తగారు మేడమ్. పెద్దావిడ. కాస్త... తెలివి నిలకడగా ఉండేది కాదట. పాపం, బయటికి వెళ్ళిపోయేవారట.”

“ఇప్పుడెక్కడున్నారు?”

“పోయారు మేడమ్.” వెంటనే చెయ్యి అడ్డంగా ఊపాడు. “ఇక్కడ కాదు, ఇక్కడ కాదు! ఆస్పత్రిలో పోయారు. ఈ ఇంట్లో ఎవరూ పోలేదు. ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండొచ్చు.”

నిశ్చింతగా ఉండాలట! ఆ మనిషిని అక్కడే నిలబెట్టి కడిగేద్దామనుకున్నాను. కానీ నా కోపం కన్నా తొందర ఎక్కువగా ఉంది. మా ఆయనకి ఇది చూపించాలి. గోడలూ ట్యాంకులూ చూసే మనిషి కంటికి తలుపు గడియ ఆనదు, అది నాకు తెలుసు. చూస్తే ఆయనకీ ఒళ్ళు జలదరిస్తుంది, ఇక్కణ్ణుంచి పోదాం పద అంటాడు, నా కిటికీ పోతే పోనీ అనుకున్నాను. దేవుడా, అలా అనుకున్నాను!

“ఏమండీ, ఒకసారి కిందికి రండి.”

చేతుల దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. నేను నోటితో ఏమీ చెప్పలేదు. బయటి గడియలు చూపించాను. లోపలివైపు తిప్పి చెరిగిన రంగు చూపించాను. ఆయన తల ఊపాడు.

“తెలుసు” అన్నాడు.

“ఏం తెలుసు?”

“పోయిన వారం వచ్చినప్పుడే చూశాను. అందుకే కదా ఈ ఇల్లు తీసుకుందామంటున్నది.”

నాకు అర్థం కాలేదు. అంటే, అర్థమైంది గానీ నా బుర్ర ఒప్పుకోలేదు. ఆయన ముందుకొచ్చి ఆ గడియని ఇటూ అటూ లాగి చూపించాడు. కొత్త వస్తువు కొన్న మనిషి చూపించినట్టు చూపించాడు. “గట్టిది. మనం వేరే పెట్టించుకోనక్కర్లేదు. అమ్మకి అన్నీ అందుబాటులో ఉంటాయి, స్నానాలగది కూడా. మనం ఎవరి పనుల్లో వాళ్ళం ఉన్నప్పుడు నిశ్చింత.”

మళ్ళీ ఆ మాటే. అరికాలి మంట నెత్తికెక్కింది.

నేను తాళాలాయన వైపు తిరిగాను. “ఇందుకేనా ఈ గది వదిలేయమన్నారు?”

“సార్ చెప్పొద్దన్నారు మేడమ్” అన్నాడతను గోడకి చెప్పినట్టు. “మేడమ్‌కి వంటిల్లు నచ్చాక మెల్లగా చెబుతానన్నారు.”

చూశారా! తాళాలాయన పద్ధతిని మా ఆయన టీ తాగుతూ ఊరికే వినలేదు. ఒంటబట్టించుకున్నాడు. నాకు కిటికీ చూపించి గడియ దాచాడు.

“అమ్మని బంధించడానికి ఇల్లు కొంటున్నారా?” అన్నాను.

“మాటలు జాగ్రత్త. బంధించడమేమిటి? భద్రంగా ఉంచడం.” ఆయన గొంతు కూడా లేచింది. “ఆ రోజు వానలో పెద్దరోడ్డు మీద లారీకి అడ్డంగా వెళ్ళింది, గుర్తులేదా? ఆ లారీవాడు బ్రేకు వేయకపోతే ఏమయ్యేది? ఆఫీసులో ఫోను మోగినప్పుడల్లా నా ప్రాణం పోతోంది. నీకేం, నువ్వు మిషను మీద కూర్చుంటావు.”

ఆయన భయం అబద్ధమని నేననను. ఆ రోజు తడిసి ముద్దయి వచ్చి, గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. నేను చూశాను. నేనూ అలిసిపోయాను, దాచను. అత్తయ్య వెనకాల పరిగెత్తి పరిగెత్తి, కుట్టాల్సిన బట్టలు గుట్ట పడిపోయిన రోజులున్నాయి. ఆవిడ మీద అరిచిన రోజులూ ఉన్నాయి. అయినా సరే.

“ఆ రోజు ఆవిణ్ణి ఎవరు పట్టుకున్నారు?” అన్నాను. “మందుల షాపాయన. ఆ ముందు రోజు చెప్పులు కుట్టే తాత వెంటబెట్టుకొచ్చాడు. ఇంకోసారి స్కూలు పిల్లలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ‘వార్డెనమ్మ మా కోసం వెతుకుతోంది ఆంటీ’ అన్నారు. ఆ వీధిలో ఎటు వెళ్ళినా ఆవిణ్ణి ఎరగనివాళ్ళు లేరు. ఇక్కడెవరున్నారు? ఈ గోడలేగా! కొట్టి చూశారుగా, గట్టివేనా?”

“వెటకారం వద్దు.”

“వెటకారం కాదు, అడుగుతున్నాను. పొద్దున్నే మీరు ఆఫీసుకి వెళ్ళిపోతారు. ఈ గడియ పెట్టేదెవరు?”

ఆయన చొక్కా మీది దుమ్ము దులుపుకున్నాడు.

“చెప్పండి. ఎవరు పెడతారు? నేనేగా! ఈ చేత్తో నేను పెట్టాలి. లోపల్నుంచి ఆవిడ తలుపు కొడుతుంటే మిషను చప్పుడులో వినిపించనట్టు నేను నటించాలి. సాయంత్రం మీరొచ్చి గడియ తీసి, ‘అమ్మా, బాగున్నావా’ అని అడుగుతారు. తలుపు తీసే మంచి కొడుకు మీరు, వేసే కోడల్ని నేను. ఎంత బాగా ఆలోచించారండీ!”

“ఇల్లంటే నీకు కిటికీలూ వెలుతురూనే కనిపిస్తాయి. రేపేం జరుగుతుందో ఆలోచించాల్సింది నేను.”

“మీకు కనిపించింది గడియ ఒక్కటే. అది మీకు నచ్చింది కూడా!”

ఈ గొడవలో పడి మేమిద్దరం అత్తయ్యని మర్చిపోయాం. ఆవిడ స్టూలు మీంచి ఎప్పుడు లేచిందో, మా పక్కకి ఎప్పుడొచ్చిందో చూసుకోలేదు. తలుపు ముందు నిలబడి, కళ్ళజోడు పైకి తోసుకుని, గడియని పరీక్షగా చూస్తోంది. హాస్టల్లో తనిఖీకి వచ్చినట్టే చేతులు వెనక్కి కట్టుకుంది.

“ఇది బయటెవరు పెట్టారు?” అంది.

తాళాలాయన మా ఆయన వంక చూశాడు.

“మా హాస్టల్లోనూ ఒకసారి పెట్టారు. కొత్తగా వచ్చిన మేనేజరు. పిల్లలు క్రమశిక్షణ తప్పుతున్నారని అన్ని గదులకీ బయట గడియలు బిగించాడు. నేను స్క్రూడ్రైవరు తెచ్చి ఒక్కొక్కటీ ఊడదీసి, తీసుకెళ్ళి వాడి బల్ల మీద పోశాను. లోపల మనిషుండగా బయట గడియ పెట్టడానికి వీల్లేదయ్యా, నిప్పంటుకుంటే పిల్లలేం కావాలి అని అడిగాను.” నా వైపు తిరిగింది. “అమ్మాయ్, దీన్ని తీయించెయ్యి.”

ఆ మాటలు మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ పాత మనిషే. గొంతులో వణుకు లేదు, కళ్ళలో తడబాటు లేదు. నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు, దాన్ని ఆపుకోవడం మహా కష్టం.

మా ఆయన మాత్రం గొంతు తగ్గించాడు. ఆవిడ దగ్గర ఎప్పుడూ వాడే తేనె గొంతు అది. “అది కాదమ్మా. ఇది నీ గది. నీ కోసమే చూశాను.”

“నా గదా?”

“అవునమ్మా. ఎంత బాగుందో చూడు.” అంటూ తనే లోపలికి వెళ్ళాడు. మంచం మీద కూర్చున్నాడు. పరుపు నొక్కి చూపించాడు. “ఇదిగో, మెత్తగా ఉంది. పైనుంచి గాలి వస్తోంది. పక్కనే బాత్రూము. చప్పుడు లేదు, గోల లేదు. ఒట్టు, నాకే ఇక్కడ ఉండిపోవాలనిపిస్తోంది!” అంటూ కాళ్ళు చాపుకుని వెనక్కి వాలాడు.

అత్తయ్య కొడుకుని అలా చూస్తూ నిలబడింది. ఆ తర్వాత తలుపు రెక్క పట్టుకుని మెల్లగా దగ్గరికి లాగింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆపాలని నాకు తోచలేదు. తోచినా ఆపేదాన్ని కాదేమో.

గడియ పడింది.

ముందు లోపల్నుంచి నవ్వు వినిపించింది. “అమ్మా, ఏంటిది? తియ్యి.” తర్వాత నవ్వు లేదు. “అమ్మా! చీకటిగా ఉంది, తలుపు తియ్యమ్మా!” తర్వాత నా వంతు వచ్చింది. “ఏయ్, నువ్వు చూస్తూ నిలబడ్డావా? తియ్యి తలుపు!”

తాళాలాయన ఒక అడుగు ముందుకేశాడు. అత్తయ్య అతని వంక ఒక్క చూపు చూసింది. ఎంతమంది ఆడపిల్లల్ని వరసలో నిలబెట్టిన చూపో అది! పెద్దమనిషి ఉన్నచోటే బిగుసుకుపోయాడు. నడుముకున్న గుత్తి కూడా చప్పుడు చేయలేదు.

“అత్తయ్యా” అన్నాను నెమ్మదిగా, “లోపల మనిషుండగా బయట గడియ పెట్టకూడదన్నారుగా?”

“నాకు బాగుంటుందని చెప్పాడుగా. వాణ్ణి కాసేపు ఉండి చూడనీ” అంది ఆవిడ.

లోపల మా ఆయన తలుపు బాదడం మొదలుపెట్టాడు. అరచేత్తో, అదే ఎత్తులో. ఆ చెరిగిన చోటే తగులుతోంది దెబ్బ. ఇక చాలు, తీసేద్దామనుకున్నాను. నిజంగానే చెయ్యి గడియ మీదికి వెళ్ళింది కూడా. సరిగ్గా అప్పుడే ఆయన లోపల్నుంచి అరిచాడు.

“ఈ ఇల్లు వద్దని ఇద్దరూ ఎక్కడికి పోతారు? మన ఇల్లు అమ్మేశాను! నెలాఖరుకి ఖాళీ చేయాలి! విన్నారా? అమ్మేశాను!”

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తాళాలాయన తల దించుకున్నాడు. అంటే ఆ బేరం కుదిర్చిందీ ఇతనే. మా ముందుగది, నా మిషను, మందుల షాపాయనా చెప్పులు కుట్టే తాతా ఉన్న ఆ వీధి, అన్నీ ఎప్పుడో పరాయివాళ్ళవైపోయాయి. నేనిక్కడ టేపు పెట్టి కిటికీ కొలుచుకుంటున్నాను!

“ఏ ఇల్లురా?” అంది అత్తయ్య తలుపుకి మొహం దగ్గరగా పెట్టి.

“మన ఇల్లేనమ్మా. ముందు తలుపు తియ్యి, అన్నీ చెబుతాను.”

“అది నా ఇల్లు. నేను అమ్మలేదే?”

“నువ్వే సంతకం పెట్టావమ్మా. నీకు గుర్తులేదు.”

“గుర్తులేదు” అంది ఆవిడ. చాలా మామూలుగా అంది. “నాకు చాలా గుర్తుండటం లేదు. నీకు గుర్తుందిగా, నువ్వు చెప్పు. ఏమని చెప్పి పెట్టించావు?”

ఊళ్ళో ఉన్న గోడలన్నీ కొట్టి చూసిన మనిషి, ఆ తలుపు కొట్టడం ఆపేశాడు. మంచం కిర్రుమంది. కూర్చున్నట్టున్నాడు.

అత్తయ్య గడియ పూర్తిగా పడిందో లేదో వేలితో ఇంకోసారి తోసింది. తర్వాత తలెత్తి పైగడియ వంక చూసి, మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాపింది. అందలేదు.

“నాకందడం లేదు అమ్మాయ్” అంది నాతో. “అది నువ్వు పెట్టు.”